ఈసారి ఎటు నడుద్దాం?

మా గూగుల్ షీట్ పేరు ‘డిసెంబర్’. మొదట్లో దానికి నాలుగే కాలమ్స్: ఎంత దూరం, ఎన్ని రోజులు, ఎంత ఎత్తు, ఎంత ఖర్చు. ఐదోది మా సివిల్ కలిపింది. దాని హెడ్డింగ్ ‘ఇంట్లో ఏం చెప్పాలి’.

సివిల్ అంటే మా రూమ్మేట్. ముగ్గురం మూడు బ్రాంచీలు కాబట్టి ఫస్టియర్ నుంచి అలాగే పిలుచుకుంటాం. నేను ఈసీఈ. మూడోది సీఎస్ఈ, ఖర్చుల లెక్కలు దాని డిపార్ట్‌మెంట్. ఫైనలియర్‌లో ఉన్నాం, వచ్చే డిసెంబరుకి ఎవరం ఏ ఊళ్లో ఉంటామో తెలీదు కాబట్టి ఈ డిసెంబరులో ఒక పెద్ద నడక నడవాలని మా పట్టు. పెద్దదంటే పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగొచ్చేది కాదు. కనీసం నాలుగైదు రోజులు, రాత్రి ఆగిన చోటు నుంచి మళ్లీ పొద్దున్నే ముందుకే పోవాలి.

మా కాలేజీలో అబ్బాయిలది ఒక ట్రెక్ బ్యాచ్ ఉంది. వాళ్ల లిస్టు అడిగి తీసుకున్నాం. అందులో షూస్‌కి ఒక కాలమ్ ఉంది, మ్యాగీ ప్యాకెట్లకి కూడా ఒకటి ఉంది. మా ఐదో కాలమ్ లాంటిది మాత్రం లేదు. ఎందుకు లేదని అడిగితే వాడికి ప్రశ్నే అర్థం కాలేదు పాపం.

మా షీట్‌లో ఆ కాలమ్ ఇలా నిండింది. కేదార్‌కంఠకి ‘ఎన్ఎస్ఎస్ క్యాంప్’. హంప్టా పాస్‌కి ‘ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ’. పండరీపురం నడకకి ‘నిజమే చెప్పొచ్చు’. శ్రీశైలానికి ‘వాళ్లే పంపిస్తారు’. సందక్‌ఫూ దగ్గర గడి ఖాళీ.

ఆ కాలమ్ చూసి అందరం నవ్వాం. నేను కాస్త తక్కువ నవ్వాను, ఎందుకంటే సెకండియర్‌లో అలాంటి గడి ఒకటి నిజంగానే నింపాను.

అప్పుడు వెళ్లింది కర్ణాటకలోని కుమారపర్వతం. కుక్కే సుబ్రహ్మణ్య నుంచి మొదలై పుష్పగిరి అడవుల్లో 1,712 మీటర్ల దాకా ఎక్కే దారి, రెండు రోజులు. నడుమ భట్టర మనె అని ఒక ఇల్లుంది, ఎక్కేవాళ్లకి వేడి వేడి అన్నం, సాంబారు పెడతారు. ఇంట్లో మాత్రం ఇండస్ట్రియల్ విజిట్ అని చెప్పాను. దిగేటప్పుడు మడమ మెలిక పడింది. సిగ్నల్ వచ్చాక చూస్తే అమ్మవి తొమ్మిది మిస్డ్ కాల్స్. ఫ్యాక్టరీ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరని చెప్పాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. “ఏం చూపిచ్చినారు మే?” అని అడిగింది. క్లాసులో చదువుకున్నది కళ్లతో చూసినట్టే చెప్పేశాను. సర్క్యూట్ బోర్డు మీద బియ్యపు గింజలో పావు వంతు ఉండే ముక్కల్ని ఒక మిషను పీల్చి, తీసుకొచ్చి, దాని చోట్లో దాన్ని అంటిస్తుందని, మనిషి కన్ను అందుకోలేనంత స్పీడుగా చేస్తుందని.

మా అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. మిషన్ల సంగతి వింటే ఆమె మొహం వేరేగా అయిపోతుంది. ఫోన్లోనే తెలిసిపోయింది. “మన మిషను మాదిరే టకటకా అంటాదా?” అని అడిగింది. అంతకంటే స్పీడు అన్నాను. ఆ వారమంతా కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ మిషను గురించి చెప్పిందట. సంక్రాంతికి ఇంటికెళితే పక్కింటి టెన్త్ పిల్లని పిలిచి, “అక్కను అడుగు, కండ్లారా చూసొచ్చింది” అని నా ముందు కూర్చోబెట్టింది. నేను మళ్లీ చెప్పాను. రెండోసారి ఇంకా బాగా చెప్పాను.

తర్వాతి నడక అమ్మతోనే. థర్డియర్‌లో, శివరాత్రికి. నాకు ఎంసెట్‌లో సీటొస్తే అడవి దారిన శ్రీశైలం నడిచొస్తానని అమ్మ మొక్కుకుంది. (ఇప్పుడది ఈఏపీసెట్ అయినా మా ఇంట్లో ఎంసెట్టే.) సీటొచ్చింది, మొక్కు మాత్రం ఏవో కారణాలతో రెండేళ్లు వాయిదా పడింది.

తెలియనివాళ్ల కోసం ఆ దారి చెబుతాను, ఎందుకంటే మన ట్రెకింగ్ లిస్టుల్లో ఇది ఉండదు. ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో మొదలవుతుంది. అక్కణ్ణుంచి నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠం బావి, భీముని కొలను, చివరికి కైలాసద్వారం. నలభై కిలోమీటర్ల పైనే నల్లమల. మామూలు రోజుల్లో పోనివ్వరు, దేశంలోకెల్లా పెద్ద పులుల రిజర్వు అది. శివరాత్రికీ ఉగాదికీ దారి తెరుస్తారు. ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వందల కిలోమీటర్లు నడిచొచ్చే కన్నడ భక్తులకి ఈ నలభై చివరి ముక్క మాత్రమే. వాళ్ల కాళ్లు చూసినవాళ్లెవరూ తమని తాము ట్రెకర్ అని చెప్పుకోలేరు.

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర గురించి సెమినార్‌లో విన్నది గుర్తుంటే, ఆయన 1830లో మద్రాసు నుంచి బయల్దేరి కాశీకి పోతూ ఈ దారినే శ్రీశైలం వెళ్లాడు. కాకపోతే ఆయన పల్లకీలో. నడిచింది బోయీలు. భుజం మీద బరువుతో ఈ ఎక్కుళ్లు ఎక్కినవాళ్లు ఒక్కళ్లు కూడా పుస్తకం రాయలేదు కదా అని నాగలూటి మెట్ల దగ్గర చాలా సీరియస్‌గా అనుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పటికే నా బరువు నాకు ఎక్కువైంది.

నా వీపు మీద అరువు తెచ్చుకున్న నలభై ఐదు లీటర్ల బ్యాగు. కాళ్లకి కొత్త షూస్, రెండు నెలలు డబ్బులు దాచి కొన్నవి, నడిచి అలవాటు చెయ్యకుండా నేరుగా అడవికి వేసుకొచ్చినవి. అమ్మకి రబ్బరు చెప్పులు. భుజానికి గుడ్డ సంచి, అందులో జొన్నరొట్టెలు, శనగల పొడి, ఒక దుప్పటి, ఒక చీర. పొద్దున నాలుగింటికి మొదలుపెట్టాం. పదింటికి నా రెండు మడమల మీదా బొబ్బలు. అమ్మ దారిలో కనిపించిన ప్రతి రాయికీ దండం పెడుతూ, దామెర్లకుంట వైపు నుంచి వెనక్కొస్తున్నవాళ్లని “నీళ్లుండాయా ఆడ?” అని అడుగుతూ, నాకంటే యాభై గజాలు ముందే ఉంది.

ఆ మధ్య నడక వేగానికి ఒక సూత్రం చదివాను. నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో ఇచ్చాడు. ఐదు కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి ఆరు వందల మీటర్లకి ఇంకో గంట కలుపుకోవాలి. ఏ దారి ఎన్ని గంటలు పడుతుందో అంచనాకి ఇప్పటికీ దీంతోనే మొదలుపెడతారు. మా షీట్‌లో కూడా ఫార్ములా పెట్టేశాను. ఆ లెక్కన నల్లమల దారి పది గంటల్లోపు అయిపోవాలి. మాకు రెండు రోజులు పట్టింది. ఆ సూత్రంలో అన్నదానం క్యూ లేదు, కొత్త షూస్ లేవు.

రాత్రి పెచ్చెరువులో ఆగాం. టార్పాలిన్ కింద వందల మంది. లౌడ్‌స్పీకర్లో భజన, పక్కనెవరో గురక. అమ్మ నా షూస్ విప్పి, చూసి, ఏమీ అనలేదు. సంచిలోంచి సూది, దారం తీసింది. సూదిని అగ్గిపుల్ల మంట మీద కాల్చి, బొబ్బ లోంచి ఈ పక్క నుంచి ఆ పక్కకి దారం లాగి, రెండు కొసలూ బయటికి వదిలి కత్తిరించింది. నీరు దారం వెంబడి మెల్లగా దిగిపోయింది. బొబ్బ మీద చర్మం చెక్కు చెదరలేదు. తర్వాత చదివితే, దూరాలు నడిచేవాళ్లు చాలామందికి ఈ చిట్కా తెలుసట, కానీ దారం అలా వదిలేస్తే చీము పట్టే ప్రమాదం ఉందని డాక్టర్లు వద్దంటారట. నాకేం కాలేదు. మీరు చెయ్యకండి.

అప్పుడు అమ్మ పడుకుంటూ, “దేవుని పేరు లేకుంటే నన్నెవురు పంపుతారు మే ఇంత దూరం?” అంది. నాతోనో, తనతోనో. ఇంకాసేపటికి, “ఫ్యాక్టరీలో ఆ మిషను కంటే బాగుండాది గదా ఈడ?” అంది.

నాకు నిద్ర ఎగిరిపోయింది. తెలిసి అందా? చీకట్లో మొహం కనపడలేదు. ఊఁ అన్నాను. మర్నాడు భీముని కొలను లోయలోకి దిగి, మళ్లీ వందల మెట్లు ఎక్కి కైలాసద్వారం దగ్గర కూర్చున్నప్పుడు అడుగుదామనుకున్నాను. అడగలేదు. శిఖరం చూసి అమ్మ ఏడుస్తోంది. అక్కడ అడిగే ప్రశ్న కాదది.

సరే, షీట్‌కి వద్దాం.

దానికి రెండో ట్యాబ్ ఒకటుంది, పేరు ‘ఎప్పుడో’. అందులో మొదటి వరసలో అపలాచియన్ ట్రెయిల్. అమెరికాలో జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా పద్నాలుగు రాష్ట్రాల గుండా దాదాపు 3,500 కిలోమీటర్లు, ఒక్క దఫాలో నడిస్తే ఐదారు నెలలు. దాన్ని ఎక్కించింది నేను, ఎమ్మా గేట్‌వుడ్ కోసం. 1955లో అరవై ఏడేళ్ల వయసులో ఆవిడ దీన్ని ఒంటరిగా మొత్తం నడిచింది. ఒక్క సీజన్‌లో ఒంటరిగా పూర్తి చేసిన మొదటి ఆడమనిషి. పదకొండు మంది పిల్లల తల్లి. గుడ్డ బూట్లు, తానే కుట్టుకున్న సంచి, వానకి ఒక షవర్ కర్టెన్. టెంటు లేదు. ఇంట్లో ఏం చెప్పిందో తెలుసా? అలా నడిచొస్తానని. ఎక్కడికో, ఎంత దూరమో చెప్పలేదు. సివిల్ దీన్ని మా ఐదో కాలమ్‌కి సాక్ష్యంగా తీసుకుంది: “చూడు, అరవై ఏడేళ్లకి కూడా తప్పలేదు.” నేను కాదన్నాను. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు కదా, నడిచే వచ్చింది. ఆ రాత్రి మెస్ మూసేదాకా ఇదే వాదన.

‘ఎప్పుడో’లో నర్మద పరిక్రమ కూడా ఉంది. నదిని కుడి చేతి వైపే ఉంచుకుని, ఎక్కడా దాటకుండా, ఒక గట్టున సముద్రం దాకా, రెండో గట్టున మళ్లీ పుట్టిన చోటు దాకా. నది పొడవే 1,312 కిలోమీటర్లు, రెండింతలు చేసుకోండి. సంప్రదాయంగా చేసేవాళ్లకి మూడేళ్లు దాటుతుంది. అంతకాలం అటెండెన్స్ ఎవరిస్తారు.

పండరీపురం మీద మాత్రం చాలాసేపు ఆగాం. ఆషాఢ ఏకాదశికి చేరేలా ఆళంది నుంచి దాదాపు 250 కిలోమీటర్లు, మూడు వారాలు. ఆడవాళ్లు తలమీద తులసికోట పెట్టుకుని నడుస్తారు. ఖర్చు దాదాపు లేదు, ఇంట్లో నిజమే చెప్పొచ్చు. నాకు వద్దనిపించింది. వాళ్ల భక్తిని తక్కువ చేసి కాదు. ఒక్కసారైనా దేవుడి పేరు అడ్డం పెట్టుకోకుండా నడవాలని ఉంది. నాకు అక్కడికెళ్లి చూడాలనుంది, అందుకే వెళుతున్నాను అని చెప్పి గడప దాటాలని ఉంది. అయినా అది జూన్, జులైల్లో పడుతుంది. మాకు కావాల్సింది డిసెంబరు.

కేదార్‌కంఠని సీఎస్ఈ కొట్టేసింది. దాదాపు 3,800 మీటర్లు, మంచు, బాగానే ఉంటుంది కానీ టెంట్లు, గైడు, వంట అన్నీ కలిపి ప్యాకేజీగా కొనాలి, మా బడ్జెట్ మనిషికి పదివేలు. పైగా డిసెంబరు చివర అక్కడ మన హైదరాబాద్ జనమే సగం ఉంటారని దాని అభిప్రాయం.

మిగిలింది సందక్‌ఫూ. పశ్చిమ బెంగాల్లో అన్నిటికంటే ఎత్తైన చోటు, 3,636 మీటర్లు. న్యూ జల్పాయ్‌గురి దాకా రైలు, అక్కణ్ణుంచి జీపులో మానేభంజన్, తర్వాత సింగలీలా అడవి గుండా నడక. దారి ఇండియా, నేపాల్ సరిహద్దు మీదే పోతుంది. తుమ్లింగ్‌లో పడుకుంటే నేపాల్లో పడుకున్నట్టే. పైకి 31 కిలోమీటర్లు, శిఖరాల ఎదురుగా గట్టు మీద ఫాలుట్ దాకా ఇంకో 21, ఆ తర్వాత గోర్ఖే మీదుగా దిగడం. మొత్తం ఎనభై దాకా వస్తుంది. దారి పొడవునా ఇళ్లలో బస దొరుకుతుంది, టెంట్ మొయ్యక్కర్లేదు. గైడు తప్పనిసరి. ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్టు, కాంచన్‌జంగ, లోత్సే, మకాలు, అంటే ప్రపంచంలోని ఐదు పెద్ద శిఖరాల్లో నాలుగు ఒకే చోటు నుంచి కనపడతాయి.

సందక్‌ఫూ పైదాకా జీపు కూడా పోతుంది. ఆ మాట విని సివిల్ నీరుగారిపోయింది, జీపు పోయే చోటికి నడవడమేంటని. నాకైతే అది ప్లస్ పాయింటే. మూడు వేల మీటర్లు దాటాక ఎవరికైనా తలనొప్పి ఎక్కువై తూలితే చెయ్యాల్సింది ఒక్కటే, వెంటనే కిందికి దించడం. దించడానికి బండి ఉన్న కొండ మొదటిసారి వెళ్లేవాళ్లకి మంచి కొండ. అందుకే రోజుకి ఐదు వందల మీటర్లకి మించి ఎత్తులో పడుకోకుండా మజిలీలు సర్దుతున్నాం. ఇక చలి. నల్లమల ఎండలో నడిచినవాళ్లం, సున్నా కింద రాత్రులంటే ఊహకి అందట్లేదు.

అన్ని గడులూ నిండాయి, ఐదోది తప్ప. సివిల్ ‘గేట్ మాక్ టెస్ట్, కోల్‌కతా’ అని టైప్ చేసింది. నేను డిలీట్ చేశాను. సరే అయితే నువ్వే ఫోన్ చెయ్ అంది.

చేశాను. వెనక కుట్టుమిషను చప్పుడు వినపడుతోంది. డిసెంబర్లో కొండకి పోదామనుకుంటున్నామని, బెంగాల్ అని, ఆరు రోజులని చెప్పాను. “ఆడ ఏ దేవుడు?” అంది. నిజానికి దీనికి మంచి జవాబుంది. సిక్కిం వాళ్లకి కాంచన్‌జంగ దైవమే. 1955లో మొదట ఎక్కినవాళ్లు ఆ మాటకి విలువిచ్చి శిఖరాన్ని తొక్కకుండా కొన్ని అడుగుల కింద ఆగిపోయారు. ఆ ఒక్క ముక్క చెబితే పని ఈజీగా అయిపోతుంది. నోటిదాకా వచ్చింది. “ఏ దేవుడూ లేడమ్మా. చూడాలని ఉంది, అంతే” అన్నాను.

“ఉత్త కొండ చూసేదానికి అంత దూరమా?”

ఆ ఊపులోనే, ఆగితే మళ్లీ చెప్పలేనని, సెకండియర్ సంగతి కూడా చెప్పేశాను. ఫ్యాక్టరీ లేదని, అది కూడా కొండేనని.

మిషను ఆగింది.

“ఆ మిషనూ లేదా?”

“మిషను ఉందమ్మా. నేను చూళ్లేదు.”

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అందరికీ చెప్పినా గదా మే” అంది. తిట్టలేదు. తిడితే నాకు తేలిగ్గా ఉండేది. పెచ్చెరువులో ఆమె మాట తెలిసి అన్నది కాదని అప్పుడర్థమైంది. నేను చెప్పింది ఏడాదికి పైగా నిజమని నమ్మి, అడవి మధ్యలో కూడా దాన్ని గుర్తుపెట్టుకుంది. “కుట్టేది ఉండాది, పెడతా” అని పెట్టేసింది.

రెండు రోజులు ఫోన్ లేదు. నేను చేస్తే నాన్న ఎత్తి, అమ్మ పనిలో ఉందన్నాడు. నాన్నకి తెలీదని గొంతులోనే తెలిసింది. సీఎస్ఈ ముగ్గురికి వెయిటింగ్ లిస్టులో టికెట్లు తీసింది. క్యాన్సిల్ చేస్తే ఎంత పోతుందో కూడా షీట్‌లో రాసిపెట్టింది, నా వైపు చూడకుండా.

మూడో రోజు రాత్రి అమ్మే చేసింది. పలకరింపు లేదు.

“చలి ఎంతుంటాది ఆడ?”

చెప్పాను.

“ఆడోళ్లు ఎవురన్నా ఉంటారా దావలో?”

మేము పడుకునే ఇళ్లు నడిపేవాళ్లలో చాలామంది ఆడవాళ్లేనని చెప్పాను.

“ఆ షూసే ఏస్కోని పోతావా?”

ఈసారి నెల ముందు నుంచీ హాస్టల్ మెట్లమీద వాటితోనే తిరుగుతున్నానని చెప్పాను.

“మీ నాయనకు నేను చెప్పను. నువ్వే వచ్చి చెప్పు, ఎదురుగా కూచోని.”

సరే అన్నాను. శనివారం బస్సెక్కుతున్నాను. ఆయన ఏమంటాడో నిజంగా తెలీదు. వద్దంటే టికెట్ డబ్బులు పోతాయి, మిగతా ఇద్దరూ వెళ్లాలని ముందే ఒప్పందం.

పెట్టేసే ముందు అమ్మ ఇంకో ప్రశ్న అడిగింది. “మీరు పొయ్యేది పదారో తేదీకి ముందరనా, తర్వాతనా?”

ఇంకా ఖాయం కాలేదు, ఎందుకన్నాను.

“ఊరికే” అని పెట్టేసింది.

మర్నాడు మెస్‌లో ఇడ్లీ తింటుంటే వెలిగింది. పదహారున ధనుర్మాసం మొదలు. పెళ్లిళ్లుండవు, బ్లౌజులు ఉండవు. సంక్రాంతి గిరాకీ మొదలయ్యేదాకా అమ్మ మిషను ఖాళీ.

సీఎస్ఈని లేపి, తేదీల కాలమ్ ఓపెన్ చెయ్యమన్నాను.